కారులో గుమ్మెట వినపడాలంటే

మా నాన్నకి బుర్రకథంటే ప్రాణం. ఏలూరు నుంచి ఊరికి బయల్దేరినప్పుడల్లా పెన్‌డ్రైవ్‌లో పాత రికార్డింగు పెట్టమంటారు. కారుతో వచ్చిన స్పీకర్లలో కథకుడి గొంతు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుండేది. అందెల మోత చిల్లర సంచి ఊపినట్టుండేది. గుమ్మెట అయితే అసలు లేదు. "ఒరే, వంతలు వాయిస్తున్నారా లేదా?" అన్నారు ఒకరోజు. ఆ మాటకే స్పీకర్లు మార్చడానికి దిగాను. నేను రెండుసార్లు కొన్నాను. మీరు ఒక్కసారే కొనాలని ఇది రాస్తున్నాను.

మొదటిసారి డబ్బా మీద 500 వాట్స్ అన్న అంకె చూసి కొన్నాను. బిగించి పెడితే పాతవాటికంటే మెల్లగా మోగాయి! కారణం తర్వాత అర్థమైంది. పెద్ద అక్షరాల్లో వేసేది పీక్ పవర్, అంటే స్పీకరు రెప్పపాటు తట్టుకోగలిగినంత. మనం చూడాల్సింది ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా తట్టుకోగలిగినంత. పైగా స్పీకరు పవర్ పుట్టించదు, తీసుకుంటుంది. ఇచ్చేది డెక్, అంటే డ్యాష్‌బోర్డులోని స్టీరియో. డెక్ మీద 4×50 అని రాసి ఉన్నా, విడిగా ఆంప్ (పవర్ పెంచే పెట్టె) లేని బండిలో ఒక్కో చానెల్‌కి, అంటే ఒక్కో స్పీకరుకి, నిలకడగా వచ్చేది 15 నుంచి 22 వాట్లే. కారు కరెంటు సుమారు 14 వోల్టులే కాబట్టి 4 ఓమ్‌ల (కరెంటుకి స్పీకరు ఇచ్చే అడ్డు కొలత) స్పీకరుకి అంతకంటే పెద్దగా ఇవ్వలేదు.

అందుకే ఆంప్ పెట్టే ఉద్దేశం లేకపోతే డబ్బా వెనక వైపు చిన్న అక్షరాల్లో ఉండే సెన్సిటివిటీ వెతకండి. ఇచ్చిన పవర్‌కి స్పీకరు ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె అది, డెసిబెల్స్‌లో ఉంటుంది. 3 డెసిబెల్స్ ఎక్కువ ఉంటే అదే మోతకి సగం పవర్ చాలు. నేను మొదట కొన్నవి 86, తర్వాత కొన్నవి 92. అంటే రెండోవాటికి నాలుగో వంతు పవర్ సరిపోతుంది. ఒక మెలిక ఉంది. కొందరు 1 వాట్ దగ్గర కొలుస్తారు, కొందరు 2.83 వోల్టుల దగ్గర. 4 ఓమ్‌ల స్పీకరుకి 2.83 వోల్టులంటే 2 వాట్లు, కాబట్టి ఆ అంకెలో 3 తగ్గించుకుని పోల్చాలి.

కొట్టుకి వెళ్లేముందే ఒక డోర్ ప్యాడ్ విప్పి చూడండి. హ్యాండిల్ వెనక, ఆర్మ్‌రెస్ట్ గుంటలో చిన్న మూతల కింద స్క్రూలుంటాయి. అవి తీశాక అంచుల వెంట ప్లాస్టిక్ క్లిప్పులు. స్క్రూడ్రైవర్‌తో పొడవద్దు, ప్లాస్టిక్ పట్టీతో మెల్లగా లేపండి. స్పీకరు తీసి మల్టీమీటరు పెడితే 4 ఓమ్‌లదైతే 3.2 నుంచి 3.6 దాకా చూపిస్తుంది. కొన్ని బండ్లలో 2 ఓమ్‌లవి ఉంటాయి, వాటి స్థానంలో 4 ఓమ్‌లవి పెడితే పవర్ దాదాపు సగమే వెళ్తుంది. 4 ఓమ్‌ల కోసం చేసిన డెక్‌కి 2 ఓమ్‌లవి తగిలిస్తే మాత్రం డెక్ వేడెక్కి చెడిపోవచ్చు.

సైజు 6.5 అంగుళాలు అని తెలిస్తే సరిపోదు, లోతు కావాలి. పవర్ విండో స్విచ్ కప్లర్ (వైర్ల ప్లగ్గు) తాత్కాలికంగా తగిలించి అద్దం పూర్తిగా దించండి. స్పీకరు కూర్చునే రేకు నుంచి అద్దం దాకా కొలవండి. మా బండిలో 62 మిల్లీమీటర్లు వచ్చింది, 55 లోతున్నవి తీసుకున్నాను. అయినా నమ్మకం కుదరక, కొత్త స్పీకరు మ్యాగ్నెట్ వెనక చపాతీ పిండి చిన్న ముద్ద అంటించి, కాసేపు చేత్తో పట్టుకుని, అద్దం పైకీ కిందకీ ఆడించాను. ముద్ద నొక్కుకోలేదు. నొక్కుకుని ఉంటే స్పీకరుని అద్దానికి దూరంగా జరిపే రింగు, అంటే స్పేసర్ కావాలి. ఆ స్పేసర్ ప్లాస్టిక్‌దే తీసుకోండి. వానాకాలం తలుపు లోపల నీళ్లు కారతాయి, ఎండీఎఫ్ చెక్క ఉబ్బిపోతుంది.

కోయాక్సియలా, కాంపోనెంటా? కోయాక్సియల్‌లో ట్వీటరు (సన్నని ధ్వనిచ్చే చిన్న స్పీకరు) డోర్ స్పీకరు మధ్యలోనే ఉంటుంది, కాంపోనెంట్‌లో విడిగా వస్తుంది. మనిషి గొంతు ఎక్కువగా వినేవాళ్లకి నా ఓటు కాంపోనెంట్‌కే. డోర్ స్పీకరు మోకాలి దగ్గర ఉంటుంది, సన్నని ధ్వని అక్కడినుంచి చెవిదాకా సరిగా రాదు. ట్వీటరు డ్యాష్‌బోర్డు మూలకి వచ్చాక కథకుడు అద్దం ముందు నిలబడి చెబుతున్నట్టుంది. ముందు అద్దం పక్కనుండే పిల్లర్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉంటే ఆ ప్యానెల్ జోలికి మాత్రం పోవద్దు. డబ్బులు పరిమితమైతే ముందు జత ఒక్కటే మంచిది కొనండి, వెనకవి ఉన్నవి ఉండనివ్వండి. కోన్ (స్పీకరులో కదిలే గరాటు) చుట్టూ ఉండే అంచు ఫోమ్‌ది కాక రబ్బరుది ఉండాలి. ఫోమ్ కొన్నేళ్లకి పొడిపొడిగా రాలిపోతుంది.

కొట్టులో వాళ్ల పాట వినకండి. మీకు బాగా అలవాటైన రికార్డింగు తీసుకెళ్లండి. బేస్, ట్రెబుల్ సున్నాలో పెట్టి, లౌడ్‌నెస్ తీసేయించి, ఆంప్ లేకుండా నేరుగా డెక్‌కి కలపమనండి. రెండు జతల మోత సమానం చేశాకే పోల్చండి, ఎందుకంటే గట్టిగా మోగేదే మంచిదనిపిస్తుంది. నాకు గొంతులో మాటలు విడివిడిగా వినపడాలి, అందెలు చెవిలో గుచ్చుకోకూడదు, గుమ్మెట దెబ్బ తర్వాత వచ్చే గుంయ్‌మనే సాగు తెలియాలి. ఈ మూడూ విన్నాను.

ఆ సాగు సగం తలుపు వల్లే వస్తుంది. వట్టి రేకు స్పీకరుతో పాటు వణికి బేస్‌ని మింగేస్తుంది. స్పీకరు వెనకా చుట్టూ డ్యాంపింగ్ షీట్ అంటించాలి. అది బ్యూటైల్ రబ్బరుది కావాలి. తారుతో చేసిన చవక షీటు మన మే నెల ఎండకి మెత్తబడి కారుతుంది, కారంతా కంపు. తలుపు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మూయవద్దు.

కంపెనీ వైర్లు కోయకుండా మీ బండికి సరిపడే కప్లర్ అడాప్టర్ అడగండి. ప్లస్, మైనస్ అనుమానమైతే విడిగా ఉన్న స్పీకరుకి 1.5 వోల్టుల గడియారం సెల్లు ఒక్క క్షణం తాకించండి. కోన్ బయటికి వస్తే సెల్లు ప్లస్ తగిలినదే ప్లస్. ఒక పక్క తారుమారైతే రెండు స్పీకర్ల బేస్ ఒకదాన్నొకటి చంపుకుంటుంది, మనం స్పీకర్లని తిట్టుకుంటాం.

అంతా బిగించాక, మోతని ముందు వెనక స్పీకర్లకి పంచే ఫేడర్ రెండు గీతలు ముందుకి జరిపాను. నాన్న కూర్చునేది నా పక్క సీట్లోనే.