ఎయిర్‌బ్యాగ్ సిలిండర్‌కు చేతి పంపుతో గాలి

కొలరాడోలో స్కీయింగ్‌కని విమానం ఎక్కితే, మంచుచరియల ఎయిర్‌బ్యాగ్ (మంచుచరియ విరిగిపడితే ఉబ్బి మనిషిని పైకి తేల్చే బ్యాక్‌ప్యాక్) సిలిండర్ ఖాళీ చేసి తీసుకెళ్లాలి. దిగాక నింపే డైవింగ్ షాపు కోసం ఊరంతా తిరగాలి. నేను ఎయిర్ రైఫిల్‌కు వాడే మూడంచెల హై ప్రెషర్ చేతి పంపుతో గాలి కొట్టేస్తున్నాను (సైకిల్ పంపు దీనికి అస్సలు చాలదు). బీసీఏ కంపెనీ ఫ్లోట్ ఎయిర్‌బ్యాగ్‌కైతే 2,700 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), అంతకు మించొద్దు. సరిపోయే అడాప్టర్ బిగించి, ఐదు నిమిషాలు కొట్టి, పది నిమిషాలు ఆపి, పంపులో చేరిన తేమ వదిలేయాలి. చివర్లో ఒంటి బరువంతా హ్యాండిల్ మీద వేయాల్సిందే. సిలిండర్ చల్లారాక ప్రెషర్ చూపే ముల్లు కాస్త దిగుతుంది, అప్పుడు ఇంకొంచెం కొట్టాలి. మళ్లీ నింపడానికి వీల్లేని సీల్డ్ సిలిండర్లకు, ప్రెషర్ టెస్ట్ గడువు దాటినవాటికి మాత్రం ఇది వద్దు.