పాత మెషీన్‌కి కొత్త ప్యానెల్: తక్కువ ఖర్చులో ఏ పీఎల్‌సీ తీసుకోవాలి?

తోతాపురి మామిడి లోడ్లు ఫ్యాక్టరీ గేటు ముందు బారులు తీరాక మెషీన్ కంట్రోల్ ప్యానెల్ మార్చే పని పెట్టుకోకూడదు. చిత్తూరు వైపు పల్ప్ యూనిట్లలో ఈ పని సీజన్‌కి కనీసం రెండు నెలల ముందే అయిపోవాలి. దుకాణంలో పీఎల్‌సీ (మెషీన్‌ని ప్రోగ్రాం ప్రకారం నడిపే చిన్న కంప్యూటర్) ధర అడిగే ముందు మెషీన్ దగ్గర నిలబడి ఇన్‌పుట్లు (దానికి వచ్చే సంకేతాలు), అవుట్‌పుట్లు (అది పంపేవి) లెక్క రాసుకోండి. డబ్బు మిగిలేది అక్కడే.

ఉదాహరణకి వాషర్, ఎలివేటర్, డీస్టోనర్ (టెంక తీసేది), పల్పర్ (గుజ్జు తీసేది) అని నాలుగు మోటార్ల లైను తీసుకుందాం. స్టార్ట్, స్టాప్ బటన్లు 8, మోటారు ఎక్కువ కరెంటు లాగితే తెలిపే ఓవర్‌లోడ్ కాంటాక్టులు 4, కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపే పెద్ద స్విచ్) పడిందో లేదో చెప్పే ఫీడ్‌బ్యాక్‌లు 4. హాపర్ లెవెల్, ఆటో-మాన్యువల్ స్విచ్, ఎమర్జెన్సీ స్టాప్ స్థితి, ఎలివేటర్ బెల్టు తిరుగుతోందో చూసే ప్రాక్సీ (తాకకుండానే లోహాన్ని గుర్తించే సెన్సర్) ఒక్కొక్కటి. మొత్తం 20 ఇన్‌పుట్లు. అవుట్‌పుట్లు కాంటాక్టర్లకి 4, లైట్లకి 2, హూటర్ 1, నీళ్ల స్ప్రే వాల్వ్ 1, అంటే 8. దీనికి ఐదో వంతు స్పేర్ కలపండి. పల్పర్‌కి పాత స్టార్-డెల్టా స్టార్టర్ (మోటార్ని మొదట తక్కువ కరెంటుతో లేపేది) బాగానే ఉంటే దాని టైమర్‌ని కదపొద్దు, పీఎల్‌సీ నుంచి ఒక్క అవుట్‌పుట్ ఇస్తే చాలు.

ఈ లెక్కకి డెల్టా డీవీపీ-40ఈఎస్2 రకం సరిపోతుంది: 24 ఇన్‌పుట్లు, 16 అవుట్‌పుట్లు. మిగిలే అవుట్‌పుట్లలో నాలుగింటికి ట్రిప్ లైట్లు పెడితే ఏ మోటారు ఆగిందో దూరం నుంచే తెలుస్తుంది, టచ్ స్క్రీన్ ఖర్చు తప్పుతుంది. సాఫ్ట్‌వేర్ ఉచితం. ఒక మోటారు, రెండు వాల్వులు ఉన్న చిన్న మెషీన్ అయితే సీమెన్స్ లోగో అనే చిన్న కంట్రోలర్ చాలు: బేస్ యూనిట్‌లో 8 ఇన్‌పుట్లు, 4 రిలే (కాయిల్‌తో కలిసే చిన్న స్విచ్) అవుట్‌పుట్లు, మాడ్యూళ్లు కలిపితే 24 ఇన్‌పుట్లు, 20 అవుట్‌పుట్ల దాకా పెరుగుతుంది. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే పేరులేని బోర్డుల జోలికి పోకండి. ఇన్‌పుట్ ఐసొలేషన్ (బయటి తీగల నుంచి లోపలి సర్క్యూట్‌ని విడిగా ఉంచే ఏర్పాటు) సరిగా లేకపోతే పక్కన కాంటాక్టర్ పడినప్పుడల్లా బోర్డు రీసెట్ అవుతుంది. ఏ మోడల్ కొన్నా సరే, తిరుపతిలో షాపులో ఉందా, లేక చెన్నై నుంచి రాత్రి బస్సు పార్సిల్‌లో తెల్లారేసరికి వస్తుందా అన్నది ముందే కనుక్కోండి. సీజన్‌లో ఒక్క రోజు ఆగితే పోయే డబ్బు ముందు పీఎల్‌సీ ధర ఎంత?

రిలే అవుట్‌పుట్ ఉన్నదే అడగండి. సర్వో, స్టెప్పర్ (పల్సులతో కచ్చితంగా కదిలే మోటార్లు) ఉంటేనే ట్రాన్సిస్టర్ రకం. రిలే అవుట్‌పుట్ అయినా నేరుగా కాంటాక్టర్ కాయిల్‌కి కట్టకండి, మధ్యలో 24 వోల్టుల ఇంటర్‌పోజింగ్ రిలే ఉండాలి. అది కాలితే చేత్తో పీకి ఇంకొకటి గుచ్చొచ్చు, పీఎల్‌సీలో కాంటాక్టు కాలితే బోర్డు విప్పాలి. పాత ప్యానెల్లో కంట్రోల్ సరఫరా 110 లేదా 230 వోల్టుల ఏసీ ఉంటుంది. ఆ తీగ పొరపాటున 24 వోల్టుల ఇన్‌పుట్‌కి తగిలితే ఇన్‌పుట్ పోతుంది, ఒక్కోసారి పీఎల్‌సీయే పోతుంది. అందుకే ఏసీకి, డీసీకి వేరే రంగు తీగలు, వేరే టెర్మినల్ వరసలు.

కాయిల్ వదిలినప్పుడు లేచే వోల్టేజీ స్పైక్‌కి డీసీ కాయిల్ మీద 1ఎన్4007 డయోడ్, ఏసీ కాయిల్ మీద 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, 100 ఓమ్ రెసిస్టర్ వరసగా కలిపిన స్నబ్బర్ పెట్టండి. స్నబ్బర్‌ని రిలే కాంటాక్టు మీద కడితే దాంట్లోంచి పారే లీకేజీకి చిన్న కాంటాక్టర్ వదలకుండా పట్టుకునే ఉండొచ్చు. స్టాప్ నొక్కినా మోటారు ఆగట్లేదంటే మొదట అక్కడే చూడండి.

24 వోల్టుల సరఫరా లెక్క: 20 ఇన్‌పుట్లకి 0.14 ఆంపియర్, రిలేలకి 0.16, లైట్లు, హూటర్‌కి 0.25, వాల్వ్‌కి 0.4. అన్నీ కలిపి 1 ఆంపియర్‌కి లోపే. 2.5 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (ఏసీని 24 వోల్టుల డీసీగా మార్చే పవర్ సప్లై) తీసుకోండి. మే నెల ఎండల్లో ప్యానెల్ లోపల వేడికి అది రాసినంత ఇవ్వదు.

బెల్టు ప్రాక్సీని మోటారు దగ్గర పెట్టడం చాలామంది చేసే తప్పు. బెల్టు జారుతున్నా మోటారు తిరుగుతూనే ఉంటుంది కదా! దాన్ని తోక డ్రమ్ము (మోటారు లేని చివర ఉండేది) దగ్గర, ఎదురెదురు రెండు బోల్టు తలలు కనపడేలా పెట్టండి. డ్రమ్ము నిమిషానికి 30 చుట్లు తిరిగితే సెకనుకి ఒక పల్స్ వస్తుంది. 3 సెకన్లు పల్స్ రాకపోతే ఆపేయాలి, స్టార్ట్ అయిన మొదటి 5 సెకన్లు మాత్రం పట్టించుకోకూడదు. స్టెయిన్‌లెస్ బోల్టుని ప్రాక్సీ మామూలు ఇనుము కన్నా దగ్గరగా వస్తేనే పడుతుంది, కాబట్టి 8 మిల్లీమీటర్ల దూరం దాకా చూసే ప్రాక్సీని 4 మిల్లీమీటర్ల దగ్గర సెట్ చేయండి.

స్టార్ట్ వరస వెనక నుంచి ముందుకి: పల్పర్, డీస్టోనర్, ఎలివేటర్, చివర వాషర్. డీస్టోనర్ ట్రిప్ అయిన క్షణమే ఎలివేటర్, వాషర్ ఆగాలి. లేకపోతే పండ్లు గొంతు దగ్గర కూరుకుపోయి, టెంకలు చేత్తో తీసుకోవాల్సి వస్తుంది.

డ్రైవ్ (మోటారు వేగం మార్చే పరికరం) పెట్టాలంటే మోటారు ప్లేటు చదవండి. సింగిల్ ఫేజ్ 230 వోల్టుల డ్రైవ్ మూడు ఫేజుల 230 మాత్రమే ఇస్తుంది. వైండింగ్ స్టార్‌లో కడితే 415, డెల్టాలో కడితే 240 అని ప్లేటు మీద ఉంటే డెల్టాలో కట్టి వాడొచ్చు. డెల్టాలోనే 415 అని ఉన్న మోటారుకి ఆ డ్రైవ్ పనికిరాదు. డ్రైవ్‌కి మోటారు కేబుల్ కలిపి ఉండగా మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పెట్టకండి, డ్రైవ్ పోతుంది.

ఎమర్జెన్సీ స్టాప్‌ని ప్రోగ్రాంకి వదిలేయొద్దు. దాని ఎన్‌సీ (మామూలుగా కలిసి ఉండి, నొక్కితే తెగే) కాంటాక్టులు సేఫ్టీ రిలే ద్వారా కాంటాక్టర్ కాయిళ్ల సరఫరానే తెంచాలి, పీఎల్‌సీకి ఇచ్చేది సమాచారం కోసం ఒక అదనపు కాంటాక్టు మాత్రమే.

ప్యానెల్ చేసిచ్చేవాళ్ల ఆర్డర్‌లోనే ప్రోగ్రాం ఫైలు, పాస్‌వర్డ్, కామెంట్లతో సహా ఇవ్వాలని రాయించుకోండి. ఆఖరి చెల్లింపు అవి చేతికొచ్చాకే.

లైను నడుస్తుండగా మెయిన్ ఎంసీబీ ఆపి, నిమిషం తర్వాత వేసి చూడండి. స్టార్ట్ నొక్కకుండా ఏ మోటారూ తిరగకూడదు. ఒక్కటి తిరిగినా ప్రోగ్రాంలో ఎక్కడో కరెంటు పోయినా గుర్తుంచుకునే లాచ్డ్ బిట్ వాడారని అనుమానించాలి. దాన్ని మామూలు బిట్‌గా మార్పించి మళ్లీ ఇదే పరీక్ష చేయండి.