గువ్వలచెరువు ఘాట్ (కడప-రాయచోటి కొండదారి) మలుపుల్లో మోటార్‌సైకిల్ వంచే ముందు

టైర్ల గాలి బండి చల్లగా ఉన్నప్పుడే చూడండి. ఎంత ఉండాలో బండి మీది స్టిక్కర్ చెబుతుంది. కొత్త టైరు నున్నగా ఉంటుంది, మొదటి 150 కిలోమీటర్లు ఎక్కువ వంచొద్దు.

సైడ్ స్టాండ్ పూర్తిగా మడవండి. సగం దిగి ఉంటే ఎడమ మలుపులో నేలకు తగిలి బండిని లేపేస్తుంది.

కడప నుంచి ఘాట్‌కు బయల్దేరక ముందే ఖాళీ మైదానంలో 10 మీటర్ల వ్యాసార్ధంతో, గంటకు 20 కిలోమీటర్ల వేగంతో గుండ్రంగా తిరగండి. సుమారు 17 డిగ్రీలు వంగుతుంది. ఏ వైపు భయమో ఆ వైపే ఎక్కువ తిప్పండి. అదే మలుపులో వేగం రెట్టింపైతే టైరుకు నాలుగింతల పట్టు కావాలి. ధైర్యం కంటే ఈ లెక్క ముఖ్యం.

బ్రేకు, గేరు మార్పు మలుపుకు ముందే. వంగి ఉండగా ముందు బ్రేకు గట్టిగా పట్టేస్తే ముందు చక్రం జారుతుంది. ఎడమకు వంగాలంటే ఎడమ హ్యాండిల్‌ను మెల్లగా ముందుకు తోయాలి. వింతగా ఉంటుంది గానీ, బండి వంగేది అలాగే. చూపు మలుపు చివర ఉండాలి. ఎదురొచ్చే లారీ చక్రాన్నే చూస్తే బండీ అటే పోతుంది.

కుడి మలుపులో చక్రాలే కాదు, మీ తల కూడా మధ్యగీత దాటకూడదు. మెరిసే డీజిల్ మరక, కంకర కనిపిస్తే బండి నిటారుగానే పోనివ్వండి.

గువ్వలచెరువులో కొన్న పాలకోవా సంచి హ్యాండిల్‌కు తగిలించొద్దు.