మన వీధిలో ఉండే కూలీ కుటుంబాలకు ఎలా సాయపడాలి?

అపార్ట్‌మెంట్ పని మొదలవగానే పక్కన ఒక రేకుల షెడ్డు లేస్తుంది. అందులో ఉండే కూలీలు ఆ పని పూర్తయ్యేదాకా మన వీధివాళ్లే. పాత బట్టలు ఇవ్వడం మంచిదే. కానీ వాళ్లకు హక్కుగా రావాల్సినవి చాలానే ఉన్నాయి, ఎవరిని అడగాలో తెలియక ఆగిపోతున్నాయి. చదువుకున్న మనిషి ఒకరు వెంట ఉంటే చాలావరకు కదులుతాయి.

ముందు పరిచయం చేసుకోండి. పని దిగాక, సాయంత్రం వెళ్లండి. మొదటిసారి చేతిలో ఏమీ తీసుకెళ్లవద్దని నా సలహా. ఇచ్చేవాళ్లు, పుచ్చుకునేవాళ్లు అన్న దూరం మొదటిరోజే వచ్చేస్తే ఇక మాట కలవదు. అన్నా, అక్కా అని పలకరించి ఊరు, పిల్లల పేర్లు అడగండి. ఫొటోలు తీయకండి.

తర్వాత చూడాల్సింది పిల్లల్ని. ఇసుక గుట్టలు, మూతలేని సంపుల మధ్య పసివాళ్లు రోజంతా తిరుగుతుంటారు. ఆరేళ్లలోపు వాళ్లను, గర్భిణులను, బాలింతలను దగ్గరి అంగన్‌వాడీలో నమోదు చేయించండి. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు 2009 విద్యాహక్కు చట్టం ఉంది. టీసీ లేదని, పుట్టినతేదీ కాగితం లేదని ప్రభుత్వ బడి కాదనకూడదు. మొదటిరోజు తల్లితో పాటు మీరూ వెళ్లండి. ఆఫీసు గది గుమ్మం దగ్గరే ఆగిపోయే తల్లులు చాలామంది. వేరే భాష పిల్లలైతే టీచర్‌కు ముందే చెప్పండి.

రేషన్ కార్డు సొంతూళ్లో ఉందని బియ్యం కొనుక్కుంటున్నారా? అది ఆహార భద్రతా చట్టం కింద ఇచ్చిన కార్డై, దానికి ఆధార్ కలిసి ఉంటే దేశంలో ఏ రేషన్ షాపులోనైనా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. సొంతూళ్లో ఉన్న ఇంటివాళ్లు తమ వాటా అక్కడే తీసుకోవచ్చు.

ఇక లేబర్ కార్డు, అంటే నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు సభ్యత్వ కార్డు. గత 12 నెలల్లో 90 రోజులు నిర్మాణపు పని చేసిన, 18 నుంచి 60 ఏళ్లలోపు వారు కార్మిక శాఖలో సంక్షేమ బోర్డు సభ్యత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. కట్టడాల మీద వసూలయ్యే సెస్సు (ప్రత్యేక పన్ను) డబ్బే ఈ బోర్డుకు వస్తుంది, అంటే అది వాళ్ల కష్టం మీద వచ్చిన డబ్బే. అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో నమోదు కూడా చేయించండి, సందేహాలకు 14434.

కూలి బాకీల విషయంలో తొందరపడవద్దు. మీరు వెళ్లి మేస్త్రీని నిలదీస్తే మర్నాడు ఆ కూలీకి పని ఉండకపోవచ్చు. రోజూ హాజరు, ఇచ్చిన డబ్బు ఒక నోట్‌బుక్కులో రాయించండి. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది వాళ్లే తేల్చుకోవాలి. సరే అంటే ఆ పుస్తకంతో లేబర్ ఆఫీసుకు తోడు వెళ్లండి.

ఎండాకాలంలో గేటు దగ్గర మంచినీళ్లు పెట్టండి. ఎవరైనా పడిపోతే నీడకు చేర్చి, ఒంటిని తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకూడదు.

పని అయిపోయి షెడ్డు తీసేసే ముందు పిల్లల టీసీ తీయించి, లేబర్ కార్డు రెన్యువల్ తేదీ రాసిచ్చి, మీ ఫోన్ నంబరు కూడా ఇవ్వండి.