యాంజియో అయ్యాక డ్రెస్సింగ్ ఒక్కటే చూసి వదిలేయకండి
గజ్జల్లోని ఆర్టరీ (రక్తనాళం) లోంచి సన్నటి ట్యూబు పంపి యాంజియోగ్రామ్ (రక్తనాళాల పరీక్ష) చేసిన పేషెంట్ వార్డుకి రాగానే చాలామంది డ్రెస్సింగ్ పొడిగా ఉందా అని పైపైన చూసి వెళ్ళిపోతారు, కానీ మనిషి వెల్లకిలా పడుకున్నప్పుడు రక్తం పక్కనుంచి జారి ఒంటి కిందికి చేరుతుంది, అందుకే గ్లవ్ వేసుకుని తొడ కింద, నడుం కింద చెయ్యి పెట్టి చూడండి. కారుతుంటే చర్మం మీద కనిపించే రంధ్రానికి ఓ 1-2 సెంటీమీటర్లు పైన, అంటే పొట్ట వైపు, నొక్కాలి, ఆర్టరీకి పడిన రంధ్రం అక్కడుంటుంది. పాదం మీద పల్స్ దొరికే చోట ప్రొసీజర్‌కి ముందే పెన్నుతో గుర్తు పెట్టుకోండి, తర్వాత కాలికి రక్తం అందుతోందా అని చూసేటప్పుడు వెతుక్కోక్కర్లేదు. ఇంకోటి, నడుం నొప్పి అంటే పడుకుని పడుకుని వచ్చిందిలే అనుకోకండి ప్లీజ్, దాంతోపాటు బీపీ పడిపోతూ పల్స్ పెరుగుతుంటే లోపల బ్లీడింగ్ అవుతుండొచ్చు, వెంటనే డాక్టర్‌ని పిలవండి.