ఎరను పడవ పక్కకు నడిపించే పలక: ఇంట్లోనే ప్లేనర్ బోర్డు తయారీ

ఒడిశాలోని గంజాం తీరంలో గోపాల్‌పూర్, ఆర్యపల్లి, సోనాపూర్ వైపు ఫైబర్ తెప్పల మీద వేటకు వెళ్లే మన తెలుగు జాలరులకు ట్రోలింగ్, అంటే నడుస్తున్న పడవ వెనుక గాలాన్ని ఈడ్చే పద్ధతి, కొత్తది కాదు. కోనాం, సూర, పార వంటి చేపలు కదిలే ఎర వెంట పడతాయి కాబట్టి అది పనిచేస్తుంది. అయితే ఎర సరిగ్గా పడవ వెనుకే వస్తే ఇంజిన్ చప్పుడుకు, ఫ్యాను చిలికిన నురగకు బెదిరిన నీటిలోనే అది ఈదవలసి వస్తుంది. పైగా రెండు మూడు దారాలు వదిలితే మలుపు తిరిగిన ప్రతిసారీ చిక్కుపడతాయి. దారాన్ని పడవకు పక్కగా కొన్ని మీటర్ల దూరం తీసుకుపోయి, బెదరని నీటిలో ఎరను నడిపించే చిన్న తేలే పలకే ప్లేనర్ బోర్డు. దీన్ని ఒక పూటలో ఇంట్లోనే చేసుకోవచ్చు. కోయడం తేలిక. పలక నిటారుగా నిలబడేలా సీసం వేయడంలో, దారం కట్టే చోటును ఎంచుకోవడంలో మాత్రం ఓపిక చూపాలి.

పలక నీటిలో అంచు మీద నిలబడి నడుస్తుంది. దాని ముందు కొసను ఏటవాలుగా కోస్తాము, ఆ వాలు పడవ వైపు తిరిగి ఉంటుంది. ముందుకు లాగినప్పుడు నీరు ఆ వాలుకూ, లోపలి ముఖానికీ తగిలి పలకను బయటికి నెడుతుంది, దారం దాన్ని ముందుకు లాగుతుంది. ఈ రెండూ సమానమైన చోట పలక పడవకు పక్కగా స్థిరపడి సాగుతుంది. గాలిపటానికి సూత్రం కట్టే చోటు మారితే అది ఎగిరే తీరు ఎలా మారుతుందో, ఇక్కడ కూడా అంతే.

పలకకు వంటగది అల్మరాలకు వాడే 18 మి.మీ. పి.వి.సి. ఫోమ్ షీటు మంచిది. అది నీరు పీల్చదు, రంపానికి సులువుగా తెగుతుంది, బరంపురం హార్డ్‌వేర్ దుకాణాల్లో అడిగితే మిగులు ముక్కలు కూడా దొరకవచ్చు. చెక్కే వాడదలిస్తే తేలికైనది ఎంచుకుని, అన్ని అంచులకూ రెండు పూతల ఎపాక్సీ వేయాలి. లేకపోతే నీరు పీల్చిన కొద్దీ దాని తూకం మారిపోతుంది. 25 సెం.మీ. పొడవు, 9 సెం.మీ. ఎత్తు ఉన్న రెండు ముక్కలు కోయండి. ముందు కొసను 45 డిగ్రీల వాలుతో, బయటి ముఖం పొడవుగా, లోపలి ముఖం పొట్టిగా ఉండేలా కోయాలి. కుడి పలకా ఎడమ పలకా ఒకదానికొకటి అద్దంలో బింబాల్లా ఉండాలి కాబట్టి, రంపం పట్టకముందే రెండింటి మీదా ‘పడవ వైపు’ అని పెన్సిల్‌తో రాసుకోవడం మేలు. కింది ముందు మూలను కొద్దిగా గుండ్రంగా అరగదీస్తే పలక నీటిలోకి తల దూర్చదు.

తర్వాతది సీసం. బరువు లేని పలక నీటిలో బల్లపరుపుగా పడుకుంటుంది. కొద్దిపాటి సీసం వేస్తే సగం వాలి నిలుస్తుంది. ఈ కొలతల పలకకు సుమారు 80 నుంచి 100 గ్రాములు కావాలి. షీటు సాంద్రతను బట్టి ఇది కొంచెం అటూ ఇటూ అవుతుంది కాబట్టి లెక్కను నమ్మి ఒకేసారి బిగించకండి. వలకు కట్టే సీసం గుండ్లను సుత్తితో కొట్టి పట్టీగా చేసి, కింది అంచున మధ్యకు కాస్త వెనుకగా మొదట రబ్బరు బ్యాండుతో కట్టి, బకెట్ నీటిలో వదలండి. వేలితో పక్కకు వంచి వదిలినప్పుడు పలక తనంతట తానే లేచి నిలబడాలి, పైన సుమారు 2 సెం.మీ. నీటిపై కనిపించాలి, ముందు కొస వెనుక కంటే కిందికి దిగకూడదు. ఇంకా వాలుతుంటే సీసం పెంచండి. పెంచితే మరీ మునుగుతుంటే, వలలకు బెండ్లుగా కోసి వాడే పాత హవాయి చెప్పు నుంచి ఒక పట్టీ తీసి పై అంచుకు అంటించండి. పైన తేలిక, కింద బరువు ఉంటే పలక కెరటానికి ఒరిగినా తిరిగి లేస్తుంది. సరిపోయిందనిపించాకే సీసాన్ని స్టెయిన్‌లెస్ స్టీలు మరలతో బిగించండి.

దారం పట్టే చోటుకు, లోపలి ముఖం నుంచి 3 సెం.మీ. బయటికి వచ్చేలా చిన్న అల్యూమినియం పట్టీని బిగించి, ముందు కొస నుంచి 7, 8, 9 సెం.మీ. దూరాల్లో మూడు రంధ్రాలు చేయండి. ఎత్తులో అది కింది అంచుకు 4 సెం.మీ. పైన ఉంటే చాలు. రంధ్రం ముందుకు జరిగితే పలక తేలికగా నడుస్తుంది కానీ పక్కకు తక్కువ పోతుంది. వెనక్కి జరిగితే దూరం పోతుంది కానీ లాగుడు పెరుగుతుంది, మరీ వెనక్కి పోతే అదుపు తప్పి గిరగిరా తిరుగుతుంది. నడిచేటప్పుడు పలక పైభాగం పడవ వైపు వాలుతుంటే పట్టీని కాస్త కిందికి దింపాలి, బయటికి వాలుతుంటే పైకి ఎత్తాలి. మొదలు మధ్య రంధ్రంతోనే పెట్టుకోండి.

దారాన్ని పలకకు పట్టి ఉంచి, చేప లాగగానే వదిలే క్లిప్పుగా స్ప్రింగు బలంగా ఉన్న బట్టల క్లిప్పు సరిపోతుంది. దాని దవడలకు సైకిలు ట్యూబు ముక్కలు అంటించి, తగినంత బిగువు రాకపోతే పైన రబ్బరు బ్యాండు చుట్టి, ఎంచుకున్న రంధ్రానికి చిన్న స్వివెల్‌తో (దారం మెలిపడకుండా తిరిగే లోహపు లింకు) తగిలించండి. పలక వెనుక కొసకు ఒక స్టీలు రింగు బిగించి, అందులో నుంచి దారం జారేలా ఉంచండి. ఎరకు ఒక మీటరు ముందు దారం మీద పూస, దాని వెనుక స్వివెల్ ఉంటే, క్లిప్పు వదిలాక కిందికి జారిన పలక చేప మీద పడకుండా అక్కడే ఆగుతుంది. క్లిప్పు బిగువు ఎర లాగుడుకు వదలకుండా, చేప లాగితే వదిలేలా ఉండాలి.

సముద్రానికి తీసుకెళ్లే ముందు చెరువు గట్టు మీద పరీక్షించండి. చెరువు మీ ఎడమ చేతి వైపు ఉండేలా, పది మీటర్ల దారంతో ఎడమ పలకను లాగుతూ గట్టు వెంట వడిగా నడవండి. అది గట్టుకు దూరంగా జరుగుతూ, మీకు ఇంచుమించు సమాంతరంగా నడవాలి. మీ వెనుకే వస్తుంటే రంధ్రం మార్చండి, మునుగుతుంటే సీసాన్ని వెనక్కి జరపండి. కుడి పలకకు ఎదురు దిశలో నడవాలి. ఇది అయ్యాకే నారింజ లేదా పసుపు ఎనామిల్ వేసి, పైన చిన్న ఎర్ర గుడ్డ జెండా కట్టండి.

కెరటాలు దాటేవరకు పలకలు సంచిలోనే ఉండాలి. లోపలికి వెళ్లాక ఎరను 15 నుంచి 20 మీటర్లు వదిలి, దారాన్ని రింగులో నుంచి పోనిచ్చి, క్లిప్పులో పెట్టి, పలకను నీటిలో దించి, మరి 10 నుంచి 15 మీటర్ల దారం మెల్లగా ఇవ్వండి. వేగం 2 నుంచి 3 నాట్లు (గంటకు దాదాపు 4 నుంచి 5.5 కి.మీ.) చాలు, అంతకంటే మించితే ఇంత చిన్న పలక నిలవదు. మలుపు వెడల్పుగా తిప్పండి, ఎందుకంటే లోపలి పలక నెమ్మదించి దాని ఎర కిందికి దిగుతుంది, బయటిది వేగం పుంజుకుంటుంది. జెండా ఒక్కసారిగా వెనక్కి పడిపోతే చేప పట్టిందన్నమాట.

తేలే వలల జెండాలు కనిపించిన చోట పలకలు వదలవద్దు. ఇంకొకరి వలలో అది చిక్కితే నష్టం వలకే ఎక్కువ. తాబేళ్ల రక్షణ కోసం ఋషికుల్య నదీముఖం దగ్గర ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు తీరం నుంచి 20 కి.మీ. మేర వేట నిషేధం, తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు యాంత్రిక పడవలకు 61 రోజుల విరామం అమలవుతాయి. పలకల తయారీకి, మరమ్మతుకు ఆ విరామమే తగిన కాలం. వేట నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీటితో కడిగి, క్లిప్పు స్ప్రింగుకు కొద్దిగా గ్రీజు రాసి, ట్యూబు ముక్క గట్టిపడి జారుతుంటే మార్చేయండి.