ఆల్బర్టాలో మద్యం, జూదం చూసే బోర్డును ఎవరు నడుపుతారు? మనంతట మనమే ఎలా తెలుసుకోవాలి?

కెనడాలోని ఆల్బర్టాలో కాస్త పాతబడిన మనవాళ్లకి ‘కేసినో డ్యూటీ’ అంటే వెంటనే అర్థమవుతుంది. సాంస్కృతిక సంఘమో, పిల్లల హాకీ క్లబ్బో లైసెన్సు తెచ్చుకుని రెండు రోజులు తన వాలంటీర్లను కేసినోకి పంపుతుంది. ఆ ప్రాంతంలోని కేసినోల్లో పోగైన డబ్బులో ఆ సంస్థకి వాటా వస్తుంది. వంతు రావడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి ఎవరూ వదులుకోరు.

నేను మొదటిసారి కౌంట్ రూమ్‌లో కూర్చున్నది అర్ధరాత్రి దాటాక. పేకాట బల్లల దగ్గర్నుంచి తెచ్చిన పెట్టెల తాళాలు తీసి, నోట్లు మా ముందు బోర్లించారు. పెట్టె ఖాళీ అయ్యాక దాని లోపలి వైపు కెమెరాకి చూపించాలి. ఇరవైలు ఒక దొంతర, యాభైలు ఒక దొంతర. నేను లెక్కపెట్టిన కట్టని పక్కనున్నావిడ మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. మమ్మల్ని ఇంత జాగ్రత్తగా కనిపెట్టే రూల్స్ రాసిందెవరు, మరి వాళ్లని కనిపెట్టేదెవరు అని నాకు ఆ రాత్రే అనిపించింది. ఆ తర్వాత నేను వెతికిన దారినే ఇక్కడ రాస్తున్నాను.

ముందు బోర్డునీ ఆఫీసునీ విడదీసి చూడండి

ఆ రూల్స్ పెట్టేది ఆల్బర్టా గేమింగ్, లిక్కర్ అండ్ కానబిస్ కమిషన్. అందరూ ఏజీఎల్‌సీ అనే అంటారు. మద్యం, జూదం చూసే వేర్వేరు సంస్థల్ని 1996లో కలిపి దీన్ని తయారుచేశారు. 2018లో గంజాయి చట్టబద్ధమయ్యాక అదీ దీని కిందికే వచ్చింది. మన దగ్గర ఎక్సైజ్ శాఖ అంటే మంత్రి, ఆయన కింద కమిషనర్, ఆయన కింద సిబ్బంది. ఇక్కడ మంత్రికీ సిబ్బందికీ మధ్య ఒక బోర్డు ఉంటుంది. లైసెన్సులు, తనిఖీలు, గోడౌన్ల వంటి రోజువారీ పని సీఈఓ, ఉద్యోగులు చూస్తారు. చట్టం అప్పగించిన పని సరిగ్గా జరుగుతోందా అని చూడటం, విధానాలు నిర్ణయించడం బోర్డు పని. ఫోన్ ఎత్తే ఉద్యోగి బోర్డు కాదు. ఈ తేడా తెలియక చాలామంది తప్పు తలుపు తడతారు.

నియామకం కాగితం వెతకండి

బోర్డు సభ్యుల్ని ప్రజలు ఎన్నుకోరు. రాష్ట్ర మంత్రివర్గం ‘ఆర్డర్ ఇన్ కౌన్సిల్’ అనే ఉత్తర్వుతో నియమిస్తుంది. ఆ ఉత్తర్వులు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా చదవొచ్చు. సభ్యుడి పేరుతో వెతికితే పదవి ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో తెలుస్తుంది. పనిలో పనిగా ఏ మంత్రికి జవాబు చెబుతున్నారో కూడా చూడండి, ఎందుకంటే అది మారుతుంటుంది. ఒకప్పుడు ఆర్థిక శాఖ కింద ఉండేది, తర్వాత సర్వీస్ ఆల్బర్టా శాఖకి మార్చారు. నా ఉద్దేశంలో ఇది చిన్న మార్పు కాదు. ఆదాయం చూసే శాఖ అడిగే ప్రశ్నలు ఒకలా ఉంటాయి, లైసెన్సులూ సేవలూ చూసే శాఖ అడిగేవి ఇంకోలా ఉంటాయి.

రెండు పత్రాలు చదవండి

మొదటిది ‘మాండేట్ అండ్ రోల్స్’ పత్రం. ప్రభుత్వ సంస్థల పాలనకి ఆల్బర్టాలో ప్రత్యేక చట్టం ఉంది, దాని ప్రకారం ఇది తప్పనిసరి. మంత్రి ఏం చేయొచ్చు, బోర్డు చైర్ (అధ్యక్షులు) ఏం చేయాలి, సీఈఓ ఎవరికి జవాబుదారీ అన్నది ఇందులో విడివిడిగా ఉంటుంది. రెండోది ప్రవర్తనా నియమావళి. ఇందులో స్వప్రయోజనాల భాగానికే నేరుగా వెళ్లండి. సభ్యుడి కుటుంబానికి బార్‌లోనో లిక్కర్ షాపులోనో వాటా ఉంటే ఏం చేయాలి, ఎవరికి చెప్పాలి, చర్చ నుంచి ఎప్పుడు లేచి వెళ్లాలి అన్నవి చూసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం, హియరింగ్ తీర్పులు

పైవన్నీ బోర్డు ఎలా ఉండాలో చెబుతాయి. నిజంగా ఎలా ఉందో తెలియాలంటే తీర్పులు చదవాల్సిందే. టైమ్ తక్కువుంటే మిగతావి వదిలేసి వీటినే చదవండి.

ఒక బార్‌లో 18 ఏళ్లు నిండని కుర్రాడికి మద్యం పోశారనుకోండి. తనిఖీ సిబ్బంది రిపోర్టు రాస్తారు, ఆఫీసు జరిమానానో లైసెన్సు సస్పెన్షనో వేస్తుంది. ఆ యజమానికి ఇది అన్యాయం అనిపిస్తే బోర్డు ముందు హియరింగ్ అడగొచ్చు. అప్పుడు బోర్డు సభ్యులే ప్యానెల్‌గా కూర్చుని ఆఫీసు వాదననీ యజమాని వాదననీ వింటారు. ఆఫీసు నిర్ణయాన్ని ఉంచొచ్చు, మార్చొచ్చు, కొట్టేయొచ్చు. కారణాలు రాసి, తీర్పుని ఏజీఎల్‌సీ వెబ్‌సైట్‌లో పెడతారు.

ఒక తీర్పు తెరిచి ముందు ప్యానెల్‌లో ఎవరున్నారో చూడండి. తర్వాత సాక్షులు చెప్పింది, చివర్లో కారణాలు చదవండి. ఒకటి చదివితే పెద్దగా తెలియదు. నాలుగైదు వరుసగా చదివితే ప్యానెల్ తన సొంత సిబ్బంది మాటని ఎంతవరకు నిలదీస్తోందో, ఒకే రకం తప్పుకి ఒకే రకం శిక్ష పడుతోందో లేదో మీకే కనిపిస్తుంది. రెస్టారెంట్ నడిపే మనవాళ్లు లైసెన్సు తీసుకున్న వారంలోనే ఇవి చదవాలని నేను గట్టిగా చెబుతాను. నోటీసు వచ్చాక టెన్షన్‌లో చదివితే ఏదీ తలకెక్కదు. హియరింగ్ అడగడానికి గడువు కూడా ఉంటుంది, నోటీసులో ఆ తేదీనే ముందు చూసుకోవాలి.

డబ్బు దారి పట్టుకోండి

కేసినోల్లోని స్లాట్ మెషీన్ల నికర రాబడిలో చాలాకాలంగా 15 శాతం సేవా సంస్థలకి, 15 శాతం కేసినోకి, మిగతా 70 శాతం ప్రభుత్వానికి అన్నది లెక్క. మార్చి 31తో ముగిసే ఆర్థిక సంవత్సరానికి వార్షిక నివేదిక వస్తుంది. ఖాతాలని రాష్ట్ర ఆడిటర్ జనరల్ తనిఖీ చేస్తారు. అంకెల కన్నా ముందు ఆడిటర్ లేఖ చదవండి, ఒకటి రెండు పేజీలే ఉంటుంది.

నివేదిక చదివేటప్పుడు ఒక ప్రశ్న మనసులో పెట్టుకోండి. జూదాన్ని అదుపు చేసే సంస్థే జూదం నడిపితే ఎలా? 2020లో మొదలైన ‘ప్లే ఆల్బర్టా’ ఆన్‌లైన్ సైట్‌ని ఏజీఎల్‌సీయే నడిపింది. 2025లో తెచ్చిన ఐగేమింగ్ (ఆన్‌లైన్ జూదం) చట్టం ప్రైవేటు ఆన్‌లైన్ మార్కెట్‌ని నిర్వహించే పనిని వేరే కార్పొరేషన్‌కి ఇచ్చి, నియంత్రణని ఏజీఎల్‌సీకి ఉంచింది. ఈ విభజన మంచిదేనని నా అభిప్రాయం. ఇకమీదట రెండు బోర్డుల కాగితాలూ చదవాలి.

బోర్డులో ఖాళీ ఉందేమో చూడండి

ప్రభుత్వ బోర్డుల్లో ఖాళీలకి ప్రకటన వేసి దరఖాస్తులు పిలుస్తుంటారు. అర్హతలూ అందులోనే రాస్తారు. మన సంఘాల్లో అకౌంటెంట్లున్నారు, లాయర్లున్నారు, ఇరవై ఏళ్లు వ్యాపారం చేసినవాళ్లున్నారు. మా కౌంట్ రూమ్‌లో నా కట్టని మళ్లీ లెక్కపెట్టినావిడ రిటైరైన బ్యాంకు ఆడిటర్. ఈసారి ప్రకటన పడితే ఆవిడకి పంపిస్తానని చెప్పాను, సరేనంది.